మాంద్యంలో హెచ్‌-1బీ: గడప లోపలివారికి ఒక లెక్క, బయటివారికి ఒక లెక్క

మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. మీ కంపెనీలో మరో విడత ఉద్వాసనలు ఉంటాయని వినిపిస్తోందని, మీరు హెచ్‌-1బీ (కంపెనీ పిటిషన్ మీద వచ్చే ఉద్యోగ వీసా) మీద అయిదో సంవత్సరంలో ఉన్నారని, గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసిన ఐ-140 పిటిషన్ ఆమోదం పొంది పద్నాలుగు నెలలైందని, మీ శ్రీమతి హెచ్‌-4 ఈఏడీ (హెచ్‌-1బీ వారి జీవిత భాగస్వామికి ఇచ్చే పని అనుమతి) మీద ఉద్యోగం చేస్తున్నారని రాశారు. ఇటువంటి సమయంలో అమెరికా ప్రభుత్వం వీసాలను కుదించి, ఇప్పటికే ఉన్నవారిని కూడా పంపించివేస్తుందా అన్నది మొదటి ప్రశ్న. ఉద్వాసన జాబితాలో మీ పేరు ఉంటే ఏ రోజున ఏమి చేయాలన్నది రెండవది. మీ తమ్ముణ్ణి ఎం.ఎస్‌.కు ఇప్పుడు పిలిపించవచ్చునా అన్నది మూడవది.

నేను 2000లో హెచ్‌-1బీ మీద న్యూజెర్సీకి వచ్చినవాణ్ణి. 2001లో పని పోగొట్టుకున్నాను. 2009లో నా పక్క బల్లల మీద పెట్టెలు సర్దుకుని వెళ్లేవారిని చూశాను. ఆ తరువాత చాలాకాలంగా ఇంజినీర్లను నియమించుకునే వైపున కూర్చుంటున్నాను. న్యాయవాదిని కాను కనుక మీ కాగితాలను చూసి తుదిమాట చెప్పవలసింది మీ న్యాయవాదే. అయితే ఆయనకు ఫోను చేసే ముందే మీకు తెలిసి ఉండవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి. వాటన్నింటికీ మూలమైనది ఇది: మాంద్యం వచ్చిన ప్రతిసారీ వీసా ఆంక్షల దెబ్బ ప్రధానంగా గడప దగ్గర తగులుతుంది. లోపల ఉండి, స్టేటస్‌లో (దేశంలో ఉండడానికున్న చట్టబద్ధమైన అనుమతిలో) ఒక్క రోజు కూడా ఖాళీ రాకుండా చూసుకున్నవారు చాలావరకు నిలదొక్కుకుంటారు. తెలిసో తెలియకో గడప దాటి బయటపడినవారికి తిరిగి లోపలికి రావడం ప్రతి మాంద్యంలోనూ మునుపటికంటె కష్టమవుతూ వచ్చింది.

మొదటి ప్రశ్నకు చరిత్రలోనే సమాధానం ఉంది. హెచ్‌-1బీ 1990 నాటి చట్టంతో వచ్చినది. దానికి ఏటా 65,000 అన్న పరిమితి అప్పుడే పడింది. ఇంటర్నెట్ కంపెనీల జోరులో ఆ సంఖ్య చాలక, 2000 అక్టోబర్‌లో వచ్చిన చట్టం మూడు ఆర్థిక సంవత్సరాల పాటు దానిని 1,95,000కు పెంచింది. విచిత్రమేమంటే, పరిమితిని పెంచే నాటికే ఆ జోరు ముగిసింది. 2000 మార్చి 10న 5,048 దగ్గర ముగిసిన నాస్‌డాక్ సూచీ 2002 అక్టోబర్ నాటికి 1,114కు పడిపోయింది. 2002 ఆర్థిక సంవత్సరంలో 1,95,000 వీసాలు అందుబాటులో ఉంటే వాడుకున్నవి సుమారు 79,000 మాత్రమే. ప్రభుత్వం తలుపు బార్లా తెరిచి ఉంచినా లోపలికి పిలిచే కంపెనీలు లేకపోయాయి. 2003 అక్టోబర్‌లో ఆ పెంపు గడువు తీరి పరిమితి మళ్లీ 65,000కు వచ్చినప్పుడు, నిరుద్యోగం ఎక్కువగా ఉన్న ఆ రోజుల్లో కాంగ్రెస్‌లో దానిని పొడిగించాలన్న పట్టుదల కనిపించలేదు. అమెరికాలో మాస్టర్స్ చేసినవారికి అదనంగా ఇస్తున్న 20,000 తరువాతి సంవత్సరం వచ్చిన సవరణతో చేరినవి. అయితే ఈ హెచ్చుతగ్గులేవీ అప్పటికే హెచ్‌-1బీలో ఉన్నవారి పొడిగింపులకు, కంపెనీ మార్పులకు సంబంధించినవి కావు. ఒకసారి పరిమితిలో లెక్కకు వచ్చినవారిని మళ్లీ లెక్కించరు.

2008లోనూ ఇదే జరిగింది. ఆ ఏడాది ఏప్రిల్‌లో మొదటి అయిదు పని దినాలలోనే సుమారు 1,63,000 దరఖాస్తులు వచ్చి పడ్డాయి. సెప్టెంబర్‌లో లేమన్ బ్రదర్స్ కూలింది. మరుసటి ఏప్రిల్‌లో మళ్లీ దరఖాస్తులు తీసుకోవడం మొదలుపెడితే, పరిమితి నిండడానికి 2009 డిసెంబర్ 21 దాకా పట్టింది. ఆ సంవత్సరం ఫిబ్రవరిలోనే, ప్రభుత్వ సహాయం పొందిన బ్యాంకులు కొత్తగా హెచ్‌-1బీ వారిని తీసుకోవాలంటే అదనపు షరతులకు ఒప్పుకోవాలని ఒక చట్టం చేశారు. రెండేళ్లు అమలులో ఉన్న ఆ చట్టం కొత్త నియామకాలకే వర్తించింది, అదే బ్యాంకులో అప్పటికే పనిచేస్తున్నవారి పొడిగింపులను తాకలేదు. 2020 జూన్ 22 నాటి అధ్యక్షుడి ప్రకటన హెచ్‌-1బీ ప్రవేశాలను ఆపి, పొడిగింపుతో కలిపి 2021 మార్చి 31 దాకా నడిచింది. అది కూడా దేశం బయట ఉండి, చేతిలో చెల్లుబాటు అయ్యే వీసా లేనివారిని ఉద్దేశించినదే. 2025 సెప్టెంబర్ 19న వచ్చిన లక్ష డాలర్ల రుసుము ప్రకటన ఈ వరుసలో తాజాది. 12 నెలల గడువుతో వచ్చిన ఆ ప్రకటన కూడా, అక్టోబర్ 20న ఇచ్చిన అధికారిక వివరణ ప్రకారం, దేశంలోనే ఉండి స్టేటస్ మార్పు గాని, పొడిగింపు గాని, యజమాని మార్పు గాని పొందేవారికి వర్తించదు. బయట ఉండి చెల్లుబాటు అయ్యే హెచ్‌-1బీ వీసా లేనివారి కోసం వేసే కొత్త పిటిషన్లకు వర్తిస్తుంది.

కనుక ఉన్నవారిని గంపగుత్తగా పంపించివేస్తారన్న భయానికి ఈ పాతికేళ్లలో ఆధారం లేదు. పరిమితికి మించి అడిగేవారిలో ఎంపిక చేసే లాటరీకి కంపెనీలు వేసే రిజిస్ట్రేషన్ల సంఖ్యను చూసి మార్కెట్‌ను అంచనా వేసే అలవాటు కూడా మనవారిలో ఉంది; అది అంత నమ్మదగినది కాదు. 2023 మార్చిలో, అంటే పెద్ద కంపెనీలు వేలమందిని తీసేస్తున్న రోజుల్లోనే, 7,80,884 రిజిస్ట్రేషన్లు వచ్చాయి. పది డాలర్లకు ఒక రిజిస్ట్రేషన్ కనుక ఒకే మనిషి పేరిట నాలుగైదు కంపెనీలు వేసిన ఫలితం అది. మనిషికి ఒక్కసారే లెక్క అన్న నిబంధన మరుసటి ఏడాది రాగానే ఆ సంఖ్య 4,79,953కు దిగింది. ఆ తరువాతి ఏడాది రుసుము 215 డాలర్లు కావడంతో మరింత దిగింది.

ఈసారి మందగమనానికి ఉన్న ప్రత్యేకతను కూడా గమనించండి. ఫెడరల్ రిజర్వు వడ్డీ రేటు 2022 మార్చి ముందు దాదాపు సున్నా. 2023 జూలై నాటికి 5.25–5.50 శాతం. చౌక అప్పు మీద, కరోనా కాలపు గిరాకీ మీద లెక్కకు మించి తీసుకున్న కంపెనీలు వరుసగా తీసివేతలు ప్రకటించాయి: 2022 నవంబర్‌లో మెటా 11,000, 2023 జనవరిలో మైక్రోసాఫ్ట్ 10,000, గూగుల్ 12,000, అమెజాన్ 18,000 పైచిలుకు. సరిగ్గా అదే జనవరిలో దేశం మొత్తం మీద నిరుద్యోగం 3.4 శాతం, అంటే 1969 తరువాత అతి తక్కువ. టెక్నాలజీ కంపెనీలు తీసేస్తుంటే బ్యాంకులు, ఆసుపత్రుల సంస్థలు, బీమా కంపెనీలు, చిల్లర వర్తక సంస్థలు అవే నైపుణ్యాలున్న వారిని తీసుకుంటూనే ఉన్నాయి. అప్పుడు నాకు వచ్చిన దరఖాస్తులలో చాలామంది మూడు నాలుగు పెద్ద కంపెనీల గుమ్మాల ముందే యాభై రోజులు గడిపి, చివరి పది రోజుల్లో మాబోటి పేరులేని సంస్థల వైపు తిరిగినవారు. అప్పటికి కాగితాలు సిద్ధం చేయడానికి సమయం మిగలలేదు.

ఇక్కడ నా సొంత అనుభవం కొంత చెప్పాలి, ఎందుకంటే రెండవ ప్రశ్నకు సమాధానం నేను నేర్చుకున్నది అక్కడే. నన్ను తీసుకువచ్చిన కన్సల్టింగ్ కంపెనీకి 2001 వసంతంలో క్లయింటు ప్రాజెక్టు ఆగిపోయింది. నన్ను బెంచి మీద కూర్చోబెట్టారు, జీతం ఆపారు. పని లేని రోజులకు కూడా హెచ్‌-1బీ ఉద్యోగికి జీతం ఇచ్చి తీరాలని 1998 చట్టంలోనే ఉన్నదని, ఇవ్వకపోతే కార్మిక శాఖకు పన్నెండు నెలల లోపల ఫిర్యాదు చేయవచ్చునని నాకు అప్పుడు తెలియదు. తెలిసినా చేసి ఉండేవాణ్ణో లేదో. నలుగురం కలిసి ఉంటున్న అపార్టుమెంటులో ముగ్గురం బెంచి మీదే ఉన్నాము, నోరెత్తితే ఉన్న పిటిషన్ కూడా రద్దు చేస్తారన్న భయం మా అందరిదీ. ఏడు వారాల తరువాత మరో కంపెనీ దొరికింది. వారు దరఖాస్తు వేసేటప్పుడు న్యాయవాది ఆరు నెలల పే స్టబ్‌లు (జీతపు చీటీలు) అడిగితే, ఉన్నవన్నీ వంటింటి నేల మీద తేదీల వరుసలో పరుచుకుని చూశాను. మధ్యలో మూడు చీటీల చోటు ఖాళీగా ఉంది.

కొన్ని నెలలకు ఆమోదపత్రం వచ్చింది. పిటిషన్ ఆమోదించామని రాసి ఉంది. నేను సంతోషంతో దానిని తిరగేసి చూస్తే, కాగితం కింది భాగంలో చింపి పాస్‌పోర్టులో పెట్టుకోవలసిన, దేశంలో ఎప్పటిదాకా ఉండవచ్చునో తెలిపే ఐ-94 ముక్క లేదు. ఆ ముక్క ఉన్న పత్రాన్ని ఐ-797ఎ అంటారు, లేనిదానిని ఐ-797బి అంటారు. కొత్త కంపెనీకి నన్ను నియమించుకునే అర్హత ఉందని ఒప్పుకున్నారు గాని, మధ్యలో స్టేటస్ తెగింది కనుక దేశంలో ఉండి కొనసాగే అర్హత నాకు లేదని దాని అర్థం. నా పాస్‌పోర్టులోని వీసా స్టాంపు ఇంకా చెల్లుబాటులో ఉండబట్టి ఇండియాకు వెళ్లి పన్నెండు రోజుల్లో తిరిగి వచ్చాను. విమానం టికెట్టు ఖర్చుతో గండం గడిచింది. నేడు అదే ముక్క లేకపోతే సంగతి వేరు. పొడిగింపుకు అర్హత లేదని తేలినవారి పిటిషన్‌కు లక్ష డాలర్ల రుసుము వర్తిస్తుందని ఆ అక్టోబర్ వివరణలో స్పష్టంగా ఉంది. పైగా 2025 డిసెంబర్ 15 నుంచి హెచ్‌-1బీ, హెచ్‌-4 దరఖాస్తుదారుల ఆన్‌లైన్ ఖాతాల పరిశీలన మొదలై, ఇండియాలోని కాన్సులేట్లలో అపాయింట్‌మెంట్లు నెలల తరబడి వెనక్కు పోయాయి. సొంత దేశంలో లేదా నివాసమున్న దేశంలోనే స్టాంపింగు చేయించుకోవాలన్నారు కనుక, పక్కనున్న కెనడాకో మెక్సికోకో వెళ్లి వచ్చే పాత దారి కూడా మూసుకుపోయినట్టే.

మీకు నాకన్నా మెరుగైన రక్షణ ఒకటి ఉంది. మా కాలంలో ఉద్యోగం పోయిన మరునాడే స్టేటస్ పోయినట్టు. 2017 జనవరి 17 నుంచి అమలులో ఉన్న నిబంధన ప్రకారం ఉద్యోగం ముగిసిన తరువాత 60 రోజుల దాకా గ్రేస్ పీరియడ్ ఉంటుంది. మానుకున్నా, తీసేసినా ఇది వర్తిస్తుంది. అయితే ఇందులో మూడు మెలికలు ఉన్నాయి. మీ ఐ-94 గడువు అంతకంటె ముందే తీరితే ఆ తేదీయే హద్దు. ఇరవై రోజుల్లో తీరేదైతే మీకున్నవి ఇరవై రోజులే. రెండవది, ఒక ఆమోద కాలంలో ఇది ఒక్కసారే. మూడవది, దేశంలో ఉన్నవారికే ఈ గ్రేస్. సెలవు మీద ఇండియాలో ఉండగా ఉద్యోగం పోతే, పాత హెచ్‌-1బీ స్టాంపు చూపించి లోపలికి రావడానికి వీలుండదు. అందుచేత ఉద్వాసనల వదంతి వినిపిస్తున్న నెలల్లో, తప్పనిసరి అయితే తప్ప, ప్రయాణం పెట్టుకోకండి. పెళ్లికి వెళ్లి అక్కడే చిక్కుకున్న కుర్రవాడు ఒకడు నాకు తెలుసు.

అరవై ఎప్పటి నుంచి లెక్కించాలన్నది అందరూ తడబడే చోటు. జీతం చెల్లించిన చివరి రోజును సాధారణంగా ఉద్యోగం ముగిసిన రోజుగా తీసుకుంటామని ఇమిగ్రేషన్ శాఖ మార్గదర్శకాలలో ఉంది. వంద మంది గాని అంతకు మించి గాని ఉన్న సంస్థలు సామూహికంగా తీసేసేటప్పుడు 60 రోజుల ముందు తెలియజేయాలన్న వార్న్ చట్టం 1988 నుంచి ఉంది. చాలా పెద్ద కంపెనీలు ఆ కాలంలో పని చేయించకుండానే జీతపు పట్టీలో ఉంచి జీతం ఇస్తాయి. ఆ రోజులు మీ పక్షాన ఉంటాయి. ఉద్యోగం ముగిశాక ఒకేసారి ఇచ్చే సెవరెన్స్ మొత్తం మాత్రం ఎంత పెద్దదైనా గడియారాన్ని ఆపదు. కనుక సంతకం చేసే ముందు మానవ వనరుల విభాగాన్ని ఒకటి అడగండి: సెవరెన్స్‌లో కొంత భాగాన్ని తగ్గించుకుని, దానికి బదులుగా నన్ను మరో నెల జీతపు పట్టీలో ఉంచగలరా? నేను చూసినంతలో ఇది అడిగేవారే అరుదు, అడిగినవారిలో కొందరికి దొరికింది కూడా. పని చేయకుండా జీతం తీసుకునే రోజులను లెక్కలోకి తీసుకోవడంలో న్యాయవాదుల మధ్య అభిప్రాయభేదం ఉంది కాబట్టి, జాగ్రత్త కోసం పని చేసిన చివరి రోజు నుంచే అరవై లెక్కపెట్టుకుని ప్రణాళిక వేసుకోవడం మంచిది. మిగిలినది అదనపు వెసులుబాటు అనుకోవాలి. స్వచ్ఛందంగా రాజీనామా చేసినట్టు రాసివ్వమంటే తొందరపడకండి. గడువుకు ముందు కంపెనీ తీసేస్తే మీ స్వదేశానికి తిరుగు ప్రయాణపు ఖర్చు ఇవ్వజూపవలసిన బాధ్యత దానిది. రాజీనామా చేస్తే ఆ బాధ్యత పోతుంది.

ఇప్పుడు ఆ అరవై రోజులను వెనక నుంచి లెక్కపెట్టుకుందాము. కొత్త యజమాని పిటిషన్ అరవయ్యో రోజుకు ముందే ఇమిగ్రేషన్ కార్యాలయానికి అందాలి. అందిన రోజు నుంచే మీరు అక్కడ పని మొదలుపెట్టవచ్చు, ఆమోదం కోసం ఆగనక్కరలేదు, ఇది 2000 నాటి చట్టమే ఇచ్చిన హక్కు. ఆ పిటిషన్‌కు ముందు కార్మిక శాఖ నుంచి ఎల్‌సీఏ అనే వేతన, పని షరతుల ధ్రువీకరణ కావాలి. దానికి ఏడు పని దినాలు, అంటే వారాంతాలతో కలిపి తొమ్మిది పది రోజులు. న్యాయవాది పత్రాలు, సంతకాలు, డిగ్రీ మూల్యాంకనం కలిపి మరో వారం. ఏదో ఒక పత్రం దొరక్క నాలుగు రోజులు పోతాయని పెట్టుకోండి. ఈ లెక్కన ఆఫర్ లెటరు ముప్పై ఎనిమిదో రోజుకో నలభయ్యో రోజుకో చేతిలో ఉండాలి. మందగమనంలో మొదటి ఫోను నుంచి ఆఫర్ దాకా నాలుగు వారాలు పట్టడం మామూలు. అంటే మీ దరఖాస్తులు మొదటి వారం దాటకముందే బయటికి వెళ్లి ఉండాలి. దుఃఖించడానికి మొదటి రెండు రోజులు తీసుకోండి, నేను వద్దనను. మొదటి మూడు వారాలు మాత్రం తీసుకోవద్దు. 2023లో నాకు ఫోన్లు చేసినవారిలో సగం మంది ముప్పయ్యో రోజు తరువాతే చేశారు.

రిక్రూటర్లు మొదటి నిమిషంలోనే మీకు స్పాన్సర్‌షిప్ అవసరమా అని అడుగుతారు. అవసరమే అని నిజం చెప్పండి, వెంటనే మరో వాక్యం కలపండి: ఇది ట్రాన్స్‌ఫర్, లాటరీ లేదు, నేను దేశంలోనే స్టేటస్‌లో ఉన్నాను కనుక లక్ష డాలర్ల రుసుము లేదు. ఆ రుసుము వార్తలు వచ్చాక ప్రతి హెచ్‌-1బీకి అది కట్టాలనుకుని పక్కన పెడుతున్న సంస్థలు నాకు ఎదురవుతున్నాయి. చిన్న కంపెనీలలో ఈ అపోహ మరీ ఎక్కువ. స్పాన్సర్ చేయము అని చెప్పే హక్కు కంపెనీలకు ఉంది. పౌరసత్వ వివక్ష నుంచి రక్షణ ఇచ్చే చట్టం హెచ్‌-1బీ ఉద్యోగులను తన పరిధిలోకి తీసుకోలేదు. కాబట్టి అటువంటిచోట వాదన మాని ముందుకు సాగడమే మేలు.

మీ ఐ-140 మీకున్న అతి పెద్ద ఆస్తి. ఆమోదం పొంది 180 రోజులు దాటింది కనుక, పాత కంపెనీ వెనక్కు తీసుకున్నంత మాత్రాన అది రద్దు కాదు. ప్రయారిటీ డేట్ (గ్రీన్‌కార్డు వరసలో మీ స్థానాన్ని నిర్ణయించే తేదీ) మీదే. హెచ్‌-1బీకి ఉన్న ఆరేళ్ల పరిమితి దాటిన తరువాత కొత్త కంపెనీ దాని ఆధారంగా మూడేళ్ల పొడిగింపు అడగవచ్చు. ఇండియాలో పుట్టినవారికి ఈబీ-2 గ్రీన్‌కార్డు వరస పదేళ్లకు పైగా సాగుతున్నప్పుడు ఆ తేదీ విలువ ఎంతో మీకు చెప్పనక్కరలేదు. కొత్త కంపెనీ పర్మ్ (ఐ-140కి ముందు కార్మిక శాఖ నుంచి పొందవలసిన ధ్రువీకరణ), ఐ-140 మళ్లీ మొదటి నుంచి చేయవలసిందే. మందగమనంలో ఇక్కడ ఒక చిక్కు ఉంటుంది: అదే ప్రాంతంలో, అదే వృత్తిలో గత ఆరు నెలల్లో తన ఉద్యోగులను తీసేసిన కంపెనీ, పర్మ్ దాఖలు చేయాలంటే ముందు ఆ తీసేసిన అమెరికన్ ఉద్యోగులకు తెలియజేసి, వారిని పరిశీలించినట్టు చూపాలి. అందుకే కొన్ని కంపెనీలు మాంద్యంలో పర్మ్‌ను ఏడాది పాటు ఆపివేస్తాయి. మీ ఐ-140 చేతిలో ఉన్నంతవరకు ఆ ఆలస్యాన్ని మీరు ఓర్చుకోగలరు. మొదటి రెండు మూడేళ్లలో ఉన్నవారు మాత్రం ఆఫర్ ఒప్పుకునే ముందు పర్మ్ ఎప్పుడు మొదలుపెడతారో రాతపూర్వకంగా అడగడం మంచిది.

మీ శ్రీమతి విషయంలో ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. ఆమె ఉద్యోగం చేస్తున్నారు కనుక ఇల్లు గడుస్తుందని, మీరు నిదానంగా వెతుక్కోవచ్చునని అనుకుంటారు. హెచ్‌-4 మీ హెచ్‌-1బీ మీద ఆధారపడినది. మీది ముగిస్తే ఆమెది ముగుస్తుంది, ఆమె పని అనుమతి కూడా దానితోనే. ఆమెకు సొంత హెచ్‌-1బీ దొరికితే లెక్క తారుమారవుతుంది, అప్పుడు మీరు ఆమె మీద హెచ్‌-4కు మారవచ్చు. మీ ఐ-140 ఆధారంగా మీకే హెచ్‌-4 ఈఏడీ రాదు, కారణం అది హెచ్‌-1బీలో ఉన్న భాగస్వామి ఐ-140 మీద ఇచ్చేది. ఆమెకు మార్చి లాటరీ ఒక దారి. విశ్వవిద్యాలయాలు, వాటికి అనుబంధంగా ఉన్న లాభాపేక్ష లేని సంస్థలు లాటరీ లేకుండా ఏడాదిలో ఎప్పుడైనా హెచ్‌-1బీ వేయగలవు. జీతం తక్కువైనా ఇటువంటి సమయంలో ఆ దారిని తేలికగా తీసిపారేయకూడదు. మరొకటి: 2025 అక్టోబర్ 30న గాని, ఆ తరువాత గాని దాఖలు చేసిన ఈఏడీ పునరుద్ధరణలకు ఆటోమేటిక్ పొడిగింపు లేదు. గడువుకు ఆరు నెలల ముందే వేయించండి.

ఆఫర్ రాకుండానే యాభయ్యో రోజు దగ్గరపడితే ఏమిటన్నది అందరికీ నిద్ర పట్టనివ్వని ప్రశ్న. అరవై రోజుల లోపల బి-2 సందర్శక స్టేటస్‌కు మార్చమని ఐ-539 ఫారం దాఖలు చేస్తే, నిర్ణయం వెలువడేదాకా మీరు దేశంలో ఉండడం అక్రమం కాదు. ఆ కాలంలో ఉద్యోగం వెతకవచ్చునని, ఇంటర్వ్యూలకు హాజరు కావచ్చునని శాఖ తన మార్గదర్శకాలలో చెప్పింది. పని చేయడానికి మాత్రం వీలులేదు. ఆ తరువాత వచ్చే హెచ్‌-1బీ పిటిషన్ ఆమోదం పొందేదాకా పని మొదలుపెట్టకూడదు, అందిన రోజే మొదలుపెట్టే హక్కు అప్పుడు ఉండదు. 15 పని దినాల్లో తేల్చే ప్రీమియం ప్రాసెసింగు ఇటువంటి చోట డబ్బుకు తగిన విలువ ఇస్తుంది. బి-2 దరఖాస్తు తిరస్కరణకు గురైతే దానిమీద నిలబెట్టిన స్టేటస్ మార్పు కూడా కూలే ప్రమాదం ఉంది, అది తిరిగి గడప సమస్యలోకే తీసుకుపోతుంది. కనుక ఎందుకు ఉండదలచారో, ఖర్చులకు డబ్బు ఎక్కడిదో ఆ దరఖాస్తులో శ్రద్ధగా రాయించండి. ఐ-140 ఉన్నవారికి అసాధారణ పరిస్థితుల్లో ఇచ్చే ఈఏడీ ఒకటి ఉంది గాని, ఉద్యోగం పోవడం ఒక్కటే దానికి చాలదు. తీవ్రమైన అనారోగ్యం వంటిది తోడవ్వాలి. పైగా దానిమీద పని మొదలుపెడితే హెచ్‌-1బీ స్టేటస్ వదులుకున్నట్టే.

ఇండియాకు తిరిగి వెళ్లడాన్ని ఓటమిగా చూడనక్కరలేదు, అయితే దాని ఖర్చు ముందే తెలుసుకోండి. ఆరేళ్లలో మీరు వాడని కాలం పోదు, బయట గడిపిన రోజులు కూడా దానికి కలుస్తాయి, లాటరీ మళ్లీ అక్కరలేదు. కానీ చెల్లుబాటు అయ్యే స్టాంపు లేకుండా బయట ఉన్నవారి కోసం కొత్త కంపెనీ పిటిషన్ వేయాలంటే లక్ష డాలర్ల ప్రశ్న వస్తుంది. ఆ ప్రకటన అమలులో ఉన్నంతకాలం మీ స్టాంపు గడువు తేదీయే మీ బేరం బలం. ఈ రోజే పాస్‌పోర్టు తీసి ఆ తేదీ చూసుకోండి. కెనడా వంటి దారుల గురించి కూడా చాలామంది అడుగుతారు. హెచ్‌-1బీ ఉన్నవారికి కెనడా 2023 జూలై 16న తెరిచిన 10,000 వర్క్ పర్మిట్ల పథకం మరునాటికల్లా నిండిపోయింది. అటువంటి తలుపు మళ్లీ తెరిస్తే అప్పటికప్పుడు దూకడానికి పత్రాలు సిద్ధంగా ఉంచుకోవడం తప్ప, దానిని నమ్ముకుని కూర్చోవడం వృథా.

మీ తమ్ముడి విషయం క్లుప్తంగానే చెబుతాను. ఇక్కడ చదివి ఎఫ్‌-1 విద్యార్థి స్టేటస్ నుంచి హెచ్‌-1బీకి మారేవారికి లక్ష డాలర్ల బెడద లేదు, అది అతని పక్షాన ఉన్న సంగతి. ఎదురుగా ఉన్నది, 2026 రిజిస్ట్రేషన్ల నుంచి లాటరీలో వేతన స్థాయిని బట్టి అవకాశాలు మారడం: నాలుగవ స్థాయి జీతానికి నాలుగు చీటీలు, మొదటి స్థాయికి ఒక్కటే. చదువు పూర్తి కాగానే వచ్చే ఉద్యోగం సాధారణంగా మొదటి లేదా రెండవ స్థాయిదే. ఓపీటీ (చదువు తరువాత పని చేసుకునే అనుమతి) 12 నెలల్లో మొత్తం 90 రోజులకు మించి, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం చదివినవారికి ఇచ్చే) పొడిగింపు 24 నెలలతో కలిపి 150 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉంటే స్టేటస్ పోతుంది. ఇప్పటి మార్కెట్‌లో ఆ తొంభై రోజులు ఎంత వేగంగా కరిగిపోతాయో గత రెండేళ్లలో పట్టా పుచ్చుకున్నవారు చెబుతారు. అప్పు చేసి రావలసి వస్తే, హెచ్‌-1బీ రాకుండా మూడేళ్ల ఓపీటీ జీతంతోనే ఆ అప్పు తీరుతుందా అని లెక్క వేసుకోమనండి. తీరేటట్టయితే రానివ్వండి.

ఇక మీరు ఈ రాత్రికే చేయవలసిన పని ఒకటి మిగిలింది. మీ ఐ-797లు, ఎల్‌సీఏ ప్రతి, ఐ-140 ఆమోద నోటీసు, పర్మ్‌లో మీ ఉద్యోగ వివరణ ఉన్న పుట, ఇప్పటిదాకా వచ్చిన పే స్టబ్‌లు, డబ్ల్యూ-2లు (ఏటా కంపెనీ ఇచ్చే జీతం, పన్ను పత్రాలు) మీ సొంత కంప్యూటర్‌లో ఉన్నాయో లేదో చూడండి. అవి జీతాల పోర్టల్‌లోనూ, న్యాయవాదుల సంస్థ కంపెనీకి ఇచ్చిన ఖాతాలోనూ మాత్రమే ఉంటే వెంటనే దించుకోండి. ఉద్వాసన మెయిలు చదవడం పూర్తికాకముందే లాగిన్ మూసుకుపోవడం నేను ఈ మూడేళ్లలో నా కళ్లతో చూశాను. ఐ-140 నోటీసు ప్రతి కోసం పాత కంపెనీని బతిమాలుతూ పదకొండు రోజులు పోగొట్టుకున్న ఒకామె పిటిషన్‌ను మేము యాభై ఎనిమిదో రోజున పంపించాము.